సైకిలు చైను ఎక్కడ అరుగుతుంది, నూనె ఎక్కడికి చేరాలి

మీరు అడిగినది ఇది: మడికొండ నుంచి హన్మకొండకు రోజూ రానూపోనూ 20 కిలోమీటర్లు సైకిలు తొక్కుతారు. చైను వదులైందని రెండేళ్లలో రెండుసార్లు లింకులు తీయించారు. ప్రతి ఆదివారం నూనె పోస్తున్నారు. అయినా ఫాతిమానగర్ వంతెన ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చైను పళ్ల మీద నుంచి టక్కున దూకుతోంది. "చైను సాగిపోయిందన్నారు. ఏ నూనె పోస్తే సాగకుండా ఉంటుంది?" అన్నది మీ ప్రశ్న.

కాజీపేటలో ముప్పై ఏళ్లకు పైగా సైకిళ్లు బాగుచేశాను. ఏ నూనె పోయాలో తప్పకుండా చెబుతాను. కానీ ముందు ఆ "సాగిపోవడం" అన్న మాట సంగతి తేల్చాలి. మీ సైకిలుకు జరిగిన నష్టమంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

చైను సాగదు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషి పెడల్ మీద పూర్తిగా నిలబడ్డాడనుకుందాం. పెడల్ చేయి పొడవు 170 మిల్లీమీటర్లు. ముందున్న చైన్‌వీలుకు 44 పళ్లుంటే దాని వ్యాసార్ధం దాదాపు 89 మిల్లీమీటర్లు. అంటే ఆ 60 కిలోల బరువు చైను మీదికి వచ్చేసరికి సుమారు 115 కిలోల లాగుడు అవుతుంది. సరైన చైను 800 కిలోలు లాగినా తెగదు. ఏడోవంతు బరువుకు ఉక్కు ప్లేట్లు రబ్బరులా సాగవు కదా. మరి చైను పొడవు పెరగడం నిజమే, మీరు కళ్లారా చూశారు. ఆ పొడవు ఎక్కడి నుంచి వచ్చింది?

పిన్నుల దగ్గర నుంచి. బయటి ప్లేట్లను కలిపి పట్టే సన్నని పిన్ను ఒకటి ఉంటుంది. ఆ పిన్ను చుట్టూ లోపలి ప్లేట్లకు బిగించిన చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని బుష్షు అంటాం. బుష్షు మీద తిరిగేది రోలరు. మనకు బయటికి కనిపించేవి రోలరూ ప్లేట్లూ మాత్రమే. పిన్నుకూ బుష్షుకూ మధ్య జరిగే పని కంటికి కనబడదు. చైను పళ్ల చక్రం ఎక్కేటప్పుడు ఒకసారి వంగుతుంది, దిగేటప్పుడు మళ్లీ తిన్నగా అవుతుంది. అలా వంగిన ప్రతిసారీ బుష్షులో పిన్ను రాసుకుంటుంది. వెనుక చక్రానికి బిగించిన చిన్న పళ్ల చక్రానికి, అంటే ఫ్రీవీలుకు, 18 పళ్లుంటే వంపు 20 డిగ్రీలు, ముందు 44 పళ్ల చక్రం మీద 8 డిగ్రీలకు కాస్త ఎక్కువ. చిన్న చక్రం మీద వంపు ఎక్కువ, అరుగుదలా ఎక్కువ.

ఇది ఎన్నిసార్లు జరుగుతుందో కూడా చూడండి. మామూలు 28 అంగుళాల సైకిలు, 44-18 పళ్ల జోడీ, చైనుకు సుమారు 110 లింకులు అనుకుంటే, ఒక కిలోమీటరుకు చైను దాదాపు 74 సార్లు చుట్టి వస్తుంది. ఒక్కో చుట్టుకు ఒక్కో పిన్ను దగ్గర నాలుగు కదలికలు: ముందు చక్రం మీద రెండు, వెనుక రెండు. కిలోమీటరుకు దాదాపు 300. మీ 20 కిలోమీటర్లకు రోజుకు 6,000. ఇందులో సగం పైవైపు చైను బిగుతుగా ఉన్నప్పుడు, అంటే మీ కాలి బలమంతా మోస్తూ జరిగేవి. చైనును తినేది ఆ సగమే.

1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజినీరు ఈ బుష్షును చైనులో పెట్టాడు. అంతకుముందు చైనుల్లో పలుచని ప్లేటు అంచే నేరుగా పిన్ను మీద రాసుకునేది. ఆ కాస్త అంచు మీదే బరువంతా పడి పిన్ను త్వరగా తెగిపోయేది. బుష్షు వచ్చాక అదే బరువు పిన్ను పొడవునా పరుచుకుంది. దాదాపు 150 ఏళ్లు కావస్తున్నా మీ సైకిలు చైను ఆ పద్ధతిలోనే ఉంది. గేర్ల సైకిళ్ల కొత్త చైనుల్లో విడి బుష్షు ఉండదు, లోపలి ప్లేటునే ఉబ్బెత్తుగా ఒత్తి ఆ పని చేయిస్తారు. అయినా అరిగే చోటు మాత్రం అదే.

ఒక చైను విప్పి చూపించినట్టు చెబుతాను. ధర్మసాగరం వైపు నుంచి పాలు తెచ్చే ఆయన ఒకరు మా దుకాణానికి వచ్చేవారు. దారిలో కంకర క్రషర్ల దుమ్ము. ఆయన చైనును ఎంతో శ్రద్ధగా చూసుకునేవారు, నెలకోసారి గ్రీజు దట్టంగా పూసేవారు. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఒకరోజు చైను జారుతోందని తెస్తే విప్పి, చైను కట్టరుతో ఒక పిన్ను బయటికి నొక్కి, పాత వార్తాపత్రిక మీద పెట్టాను. పిన్నుతో పాటు ఇటుక పొడిలాంటి ఎర్రటి పొడి రాలింది. చుక్క నూనె లేదు. అంత గ్రీజు కింద లోపలంతా ఎండిపోయి, తుప్పు రాలుతోంది. పిన్నును వెలుతురుకు పట్టి చూపించాను. రెండు కొనల దగ్గరా గుండ్రంగా ఉంది, నడుమ భాగం ఒకవైపు మాత్రమే చెక్కినట్టు తగ్గింది. చైనును ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగుతాం కాబట్టి పిన్ను ఒకే వైపు అరుగుతుంది. కొన నుంచి నడుమకు గోరు జరిపితే ఆ మెట్టు దగ్గర గోరు ఆగింది. ఆయన తన గోటితో కూడా చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. నాకు బాధేసింది. అంత ఓపికగా గ్రీజు పూసిన మనిషికి, అది చేరాల్సిన చోటికి చేరడం లేదని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మీ లింకుల సంగతి. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చక్రాల పళ్లన్నీ ఈ కొలతకే కోసి ఉంటాయి. ఒక్కో పిన్ను దగ్గర 0.127 మిల్లీమీటరు, మందమైన తలవెంట్రుకంత, అరిగితే చైను నూటికి ఒక వంతు పొడవు పెరిగినట్టు. 110 లింకుల చైనులో అదంతా కలిపి 14 మిల్లీమీటర్లు. అప్పుడే చైను వేలాడుతుంది, దుకాణానికి వెళతారు, వాళ్లు లింకు తీసి మళ్లీ బిగుతు చేస్తారు. వేలాడటం పోతుంది. కానీ మిగిలిన ప్రతి లింకూ ఇంకా 12.8కి పైనే ఉంది కదా! పళ్లు మాత్రం 12.7కే ఉన్నాయి. కొలత కలవని రోలర్లు పంటి మొదట్లో కూర్చోలేక పైకి ఎక్కి కూర్చుంటాయి. బరువు చాలా పళ్ల మీద పంచుకోవాల్సింది పోయి ఒకటి రెండు పళ్ల మీద పడుతుంది. ఆ పళ్లు ఒకవైపు తరిగిపోయి కొక్కేల్లా వంగుతాయి. వంతెన ఎక్కేటప్పుడు మీ చైను దూకేది అందుకే. ఆ తరిగిన పంటి వాలు మీద రోలరు నిలవలేక పైకి పాకి తర్వాతి పంటి మీద పడుతోంది.

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను. అరిగిన చైనుకు లింకు తీయడం వైద్యం కాదు. వెనుక చక్రాన్ని కాస్త వెనక్కి లాగి బిగించడం ఎంతవరకు చేసినా తప్పు లేదు, అందుకే అక్కడ జాగా ఇచ్చారు. లింకు తీయాల్సినంత వదులు వచ్చిందంటే మాత్రం చైను వయసు అయిపోయింది. మొదటిసారి లింకు తీసిన రోజే చైను మార్చి ఉంటే మీ ఫ్రీవీలు బతికేది.

అరుగుదల తెలుసుకోవడానికి పరికరాలేమీ కొనక్కర్లేదు. పిల్లల స్కేలు చాలదు, 12 అంగుళాలు కచ్చితంగా ఉన్న ఉక్కు స్కేలు తీసుకోండి. చైనును బిగుతుగా ఉంచి, సున్నా గీతను ఒక పిన్ను నడుమ పెట్టండి. చైను కొత్తదైతే 24వ లింకు పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే అర శాతం అరిగినట్టు. గేర్ల సైకిలుకు అప్పుడే మార్చాలి. ఎనిమిదో వంతు పోతే ఒక శాతం. మీలాంటి ఒంటి గేరు సైకిలుకు అదే హద్దు. స్కేలు లేకపోతే చైన్‌వీలుకు ఎదురుగా, సైకిలుకు ముందువైపు నడుమనున్న లింకును వేళ్లతో పట్టి ముందుకు లాగండి. పంటి సగం కనబడేంత దూరం లేచి వస్తే ఇక ఆలోచించకండి.

చైనును అరగదీసేది బరువొక్కటే అయితే లోపల నూనె ఉన్నంతకాలం అది చాలా ఏళ్లు వస్తుంది. అసలు శత్రువు దుమ్ము. మన దగ్గర అది మామూలు దుమ్ము కూడా కాదు. ఓరుగల్లు అన్న పేరే ఒంటిరాయి మీద వచ్చింది. కోట దగ్గరా, మడికొండ గుట్టల మీదా, హన్మకొండ చుట్టూ ఎటు చూసినా గ్రానైటే. ఆ రాయి లక్షల ఏళ్లు ఎండకూ వానకూ చిట్లి మన చల్క నేల, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల, అయింది. గ్రానైటులో మిగతా ఖనిజాలు మెల్లగా మట్టిగా మారిపోతాయి, క్వార్ట్జ్ మాత్రం మారదు, ఇసుక రేణువుగా అలాగే మిగులుతుంది. గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ 7. కత్తి ఉక్కు సుమారు 5.5, ఇనుమును రాకే ఆకురాయి కూడా 6.5 దగ్గరే. మన రోడ్డు మీద ఎగిరే రేణువు ఆకురాయికి కూడా గీత పెట్టగలదన్నమాట. అది నూనెలో కలిసి పిన్నుకూ బుష్షుకూ మధ్య చేరితే ఏమవుతుంది? ఇంజిన్ మెకానిక్కులు వాల్వులు రుద్దడానికి వాడే పేస్టు సరిగ్గా ఇదే: నూనెలో కలిపిన గట్టి రేణువులు. మీరు ప్రతి ఆదివారం తుడవకుండా పాత మడ్డి మీదే కొత్త నూనె పోస్తున్నారు. ఆ కొత్త నూనె పైనున్న ఇసుకను కడిగి లోపలికి తీసుకుపోతోంది. వారం వారం మీరు చేస్తున్నది ఇదే. మీ మనసు నొప్పించాలని కాదు, దయచేసి ఈ ఆదివారం నుంచే ఆపమని చెబుతున్నాను.

రేగడి నేలల వైపు, పరకాల దారిలో తిరిగేవాళ్లకు కథ కొంచెం వేరు. నల్లమట్టి మెత్తనిది, కోయదు గానీ వానాకాలంలో చైనును ముద్దలా పట్టుకుని తడిని వదలదు, రాత్రికి రాత్రే తుప్పు తెస్తుంది. పత్తి సీజనులో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల తిరిగే హమాలీల సైకిళ్లకు ఇంకో తంటా: నూనె తడి ఉన్న చైనుకు పత్తి పీచు చుట్టుకుని, ఆ పీచు దుమ్మును పట్టి ఉంచుతుంది. పాత నల్ల సైకిళ్లకు చైను మొత్తం మూసే రేకు కవరు ఉండేది. అలాంటి సైకిలు ఉన్న ఒక పంతులుగారి చైను నేను పదేళ్ల తర్వాత విప్పితే, లోపలి నూనె ఇంకా తేనెరంగులో ఉంది, పిన్నుల మీద గోరు ఎక్కడా ఆగలేదు. తొక్కినది తక్కువేమీ కాదు. ఆ రేకు దుమ్మును లోపలికి రానివ్వలేదు, అంతే. ఇప్పుడు అందం కోసం ఆ కవరు తీసేసి, పైన ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క తగిలిస్తున్నారు. కవరు ఉన్న మోడలు దొరికితే బరువు ఎక్కువైనా అదే కొనమంటాను.

ఇక నూనె. చైను పిన్ను ఫ్యాను ఇరుసులా గిరగిరా తిరగదు. 20 డిగ్రీలు అటు, 20 డిగ్రీలు ఇటు ఊగుతుంది, అదీ నెమ్మదిగా, పెద్ద బరువు కింద. వేగంగా తిరిగే ఇరుసు తన చుట్టూ నూనె పొరను తానే లాక్కుంటుంది. ఊగే పిన్నుకు ఆ వీలు లేదు. బరువు పడగానే నూనె పక్కకు నొక్కుకుపోతుంది, బరువు తీయగానే మళ్లీ పాకి రావాలి. కాబట్టి నూనె సన్నని సందులోకి దూరేంత పలుచగా ఉండాలి, లోపలికి వెళ్లాక నొక్కుకుపోనంత చిక్కగానూ ఉండాలి. ఈ రెండింటి మధ్య రాజీ కుదిరిన నూనె ఏదైనా పనికొస్తుంది.

కుట్టు మిషను నూనె బాగా దూరుతుంది, కానీ మీ దూరానికి వారం కూడా నిలవదు. గ్రీజు నిలుస్తుంది, దూరదు. తుప్పు వదిలించే స్ప్రే డబ్బాల్లో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకమే, చైను కడగడానికి పనికొస్తుంది, నూనెగా దాన్ని నమ్మకండి. కొబ్బరినూనె చలికాలం ఉదయం గడ్డకడుతుంది. నువ్వుల నూనె, పల్లి నూనె గాలి తగిలి జిగురుగా మారతాయి. బండి ఇరుసుకు మన పెద్దలు ఆముదాన్ని కందెనగా వాడారు. అది మంచి కందెనే, నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ ఇరుసును మళ్లీ మళ్లీ విప్పి తుడిచి పెట్టేవాళ్లు. చైను సందుల్లో ఆముదం చాలాకాలం ఉంటే బంకగా మారుతుంది. బండ్ల నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు. అందులో మసి, లోహపు పొడి ఉంటాయి.

సైకిలు చైనుకని అమ్మే నూనె దొరికితే అదే మేలు. దొరకకపోతే కొత్త 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ 50 మిల్లీలీటర్లు చిన్న సీసాలో ఉంచుకోండి, మీ సైకిలుకు అది చక్కగా సరిపోతుంది. నేను ఎక్కువగా వాడింది అదే. మైనం పద్ధతి గురించి కూడా కొందరు అడుగుతారు. చైనును పూర్తిగా కడిగి, కరిగిన పారాఫిన్ మైనంలో ముంచి తీస్తే అది లోపల గట్టిపడి, బయట దుమ్ము అంటనివ్వదు. మన ఎండాకాలానికి నిజంగా మంచిది. కానీ ఒక్క వానకే దాని పని అయిపోతుంది, ప్రతిసారీ చైను విప్పాలి. మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. రోజూ పనికి వెళ్లే సైకిలుకు నేను సిఫారసు చేయను.

పోసే పద్ధతి నూనె రకం కంటే ముఖ్యం. ముందు పొడి గుడ్డతో చైనును పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ నలుపు తగ్గేదాకా తుడవండి. మూడు నెలలకోసారి చైను విప్పి, కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో నానబెట్టి, డబ్బా మూత పెట్టి ఊపండి. అడుగున ఇసుక కనబడుతుంది. ద్రావకం మార్చి, ఇసుక కనబడనంత వరకు మళ్లీ చేయండి. పెట్రోలు వాడకండి, నిప్పు ప్రమాదం. తర్వాత చైనును ఒక పూట ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. లోపల కిరోసిన్ మిగిలితే కొత్త నూనెను పలుచన చేస్తుంది.

నూనె ధారగా పోయకండి. లోపలి ప్లేటుకూ బయటి ప్లేటుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది, పిన్నును చేరే దారి అదే. ఒక్కో పిన్నుకు అటొకటి ఇటొకటి రెండు దార్లు. కింది వరుస చైను మీద, లోపలివైపు నుంచి, ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క, ఆ రెండు సందులకూ తగిలేలా వేయండి. చైను రెండు కొసలను క్లిప్పుతో కలిపే లాకు లింకు దగ్గర మొదలుపెడితే చుట్టు ఎక్కడ పూర్తయిందో తెలుస్తుంది. 110 చుక్కలకు పది నిమిషాలు పడుతుంది. వేశాక పెడల్ వెనక్కి ముప్పై చుట్లు తిప్పి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ఎక్కే ముందు చైను బయటివైపు పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. వేసిన నూనె తుడిచేస్తున్నామని జంకవద్దు. బయట మిగిలిన నూనె చేసే పని ఒక్కటే, దుమ్మును పిలవడం. వేలితో ముడితే వేలికి మరక తప్ప జిడ్డు అంటకూడదు.

వారం లెక్క వదిలేసి చైను చప్పుడు వినండి. కిర్రుమంటే లోపల ఎండింది, నూనె కావాలి. కరకరమంటే ఇసుక చేరింది, ముందు కడగాలి, నూనె తర్వాత. వానలో తడిస్తే ఇంటికి చేరగానే తుడిచి, ఆ సాయంత్రమే చుక్కలు వేయాలి, మర్నాటికి ఉంచకూడదు.

ఇప్పుడు మీ సైకిలుకు చేయాల్సింది. చైనుతో పాటు ఫ్రీవీలు కూడా మార్చండి. రెండుసార్లు లింకులు తీసిన చైనుతో తిరిగిన ఫ్రీవీలు మీద కొత్త చైను వేస్తే ఇప్పటికంటే ఎక్కువగా దూకుతుంది, కొత్త చైను బాగాలేదని మీరు అనుకుంటారు. ముందు చైన్‌వీలు పెద్దది, దాని పళ్లు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది. పళ్లు రెండు వైపులా సమానంగా ఉంటే దాన్ని అలాగే ఉంచవచ్చు. ఒకవైపు కొక్కెంలా వంగి ఉంటే అదీ మార్చాలి. కొత్త చైనుకు కంపెనీలో పట్టించిన గ్రీజు లోపలిదాకా ఉంటుంది, దాన్ని కడగవద్దు. పైన తుడిచి వాడండి, కిర్రు వినిపించేదాకా నూనె అవసరం రాదు. బిగించేటప్పుడు కింది వరుస నడుమ వేలితో పైకి నొక్కితే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఆడాలి. పెడల్ ఒక పూర్తి చుట్టు తిప్పుతూ చూడండి, ఒకచోట బిగుతు, ఒకచోట వదులు వస్తే బిగుతు వచ్చిన చోట లెక్క పెట్టుకోవాలి. లాకు క్లిప్పును దుకాణంలో ఎటు పెట్టారో కూడా చూడండి. దాని మూసిన కొస చైను కదిలే దిశకు ముందుండాలి, చీలిక ఉన్న కొస వెనుక ఉండాలి. తిరగబెడితే ఏ పుల్లకో తీగకో తగిలి క్లిప్పు ఊడుతుంది, వంతెన మీద నిలబడి తొక్కుతున్నప్పుడు చైను తెగినంత పని అవుతుంది.